ధ్రువాల దారిలో మూడు ఊళ్లు: ఉషువాయా, పుంటా అరేనాస్, లాంగ్‌యర్‌బ్యెన్‌లలో దేన్ని ఎంచుకోవాలి?

ధ్రువప్రాంతానికి వెళ్లాలని మనసు పడ్డవాళ్లు మొదట ఓడ కంపెనీల బ్రోచర్లు ముందేసుకుంటారు. క్యాబిన్‌కి కిటికీ ఉందా, బాల్కనీ ఉందా, డిస్కౌంట్ ఎంత అని రోజుల తరబడి లెక్కలు వేస్తారు. ఏ ఊరి నుంచి బయలుదేరాలన్న ప్రశ్న చివర్లో, విమానం టికెట్ కొనేటప్పుడు గాని తలెత్తదు. ఈ వరస తిరగేయమని నా సలహా. ముందు ఊరు తేల్చుకోండి. ఊరు తేలిందంటే సముద్రం మీద ఎన్ని రోజులో, వాతావరణం ఎదురు తిరిగితే పోయేది ఏమిటో, ఎన్ని వీసాలు కావాలో, ఖర్చు ఏ స్థాయిలో ఉంటుందో అన్నీ దాంతోపాటే తేలిపోతాయి. క్యాబిన్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

మామూలు ప్రయాణికులకు అందుబాటులో ఉన్న దారులు ముఖ్యంగా మూడు. అర్జెంటీనా దక్షిణపు కొసన ఉన్న ఉషువాయా నుంచి ఓడలో అంటార్కిటికా. చిలీలోని పుంటా అరేనాస్ నుంచి విమానంలో అంటార్కిటికా. ఉత్తరాన, నార్వే పాలనలో ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లో లాంగ్‌యర్‌బ్యెన్. మొదటి రెండు ఊళ్లూ ధ్రువప్రాంతానికి గుమ్మాల్లాంటివి. మూడోది ఇంటి లోపలే ఉంది. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఎంపికంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఉషువాయా: సముద్రం దాటి వెళ్లే దారి

ముందు బీగిల్ జలసంధి, వెనక మంచు కొండలు, మధ్యలో ఏటవాలు వీధులు. దాదాపు 55 డిగ్రీల దక్షిణ అక్షాంశం మీద ఉన్న ఊరు ఇది. అంటార్కిటికాకు ప్రయాణికులను తీసుకెళ్లే ఓడల్లో అత్యధిక భాగం ఇక్కడి రేవు నుంచే కదులుతాయి. కారణం దూరమే. అంటార్కిటిక్ ద్వీపకల్పం ఇక్కడికి సుమారు వెయ్యి కిలోమీటర్లు. మిగతా ఖండాల నుంచి ఆ దూరం ఇంకా చాలా ఎక్కువ.

ఆ దూరంలో ఎక్కువ భాగం డ్రేక్ పాసేజ్‌ది. దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్‌కీ, అంటార్కిటిక్ ద్వీపకల్పం పక్కనున్న దక్షిణ షెట్లాండ్ దీవులకీ మధ్య సుమారు 800 కిలోమీటర్ల నీళ్లు. ఈ అక్షాంశాల్లో భూగోళం చుట్టూ ఎక్కడా అడ్డంగా నేల లేదు. అందుకే గాలి, అలలు, అంటార్కిటికాను చుట్టి పారే మహా ప్రవాహం అన్నీ ఆటంకం లేకుండా తిరిగి తిరిగి వచ్చి ఈ సందులోంచి దూరి వెళ్తాయి. ఓడకు పోను రెండు రోజులు, రాను రెండు రోజులు పడుతుంది. ఒక్కోసారి సముద్రం నిమ్మళంగా ఉండి, ఇంతేనా అనిపిస్తుంది. ఒక్కోసారి భోజనాల హాల్లో సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి. ఏది ఎదురవుతుందో బుకింగ్ రోజున చెప్పగలిగేవాళ్లు లేరు.

కడుపులో తిప్పే స్వభావం ఉంటే ముందే డాక్టర్‌తో మాట్లాడి మాత్రలో, చెవి వెనక అంటించుకునే ప్యాచ్‌లో రాయించుకోండి. వాంతులు మొదలయ్యాక మాత్ర వేసుకుంటే పెద్దగా పనిచెయ్యదు. సముద్రంలోకి వెళ్లకముందే వేసుకోవాలి. క్యాబిన్ ఎంచుకునేటప్పుడు కింది అంతస్తులో, ఓడ నడిమధ్యలో ఉన్నది తీసుకోండి. అక్కడ ఊపు తక్కువ, ధర కూడా తక్కువే. పై అంతస్తు బాల్కనీ గదికి ఎక్కువ డబ్బు కట్టి, ఎక్కువ ఊపు కొనుక్కోవడం ఎందుకు?

చాలామంది ఈ నాలుగు రోజులను దండగ కింద లెక్కేస్తారు. నేను ఒప్పుకోను. డెక్ మీద నిలబడితే ఆల్బట్రాస్ పక్షులు రెక్క కదపకుండా గంటల తరబడి ఓడ వెంటే వస్తాయి. ఒక చోట సముద్రపు నీటి ఉష్ణోగ్రత ఉన్నట్టుండి పడిపోతుంది, పొగమంచు కమ్ముకుంటుంది. ఉత్తరాది నీళ్లు, అంటార్కిటిక్ చల్లనీళ్లు కలిసే హద్దు అది. అక్కడి నుంచి గాలిలో చలి వేరు. ఆ తర్వాత ఎప్పుడో మొదటి మంచుకొండ కనిపిస్తుంది. అంతదాకా మ్యాపులో చూసిన దూరం ఒంటికి తెలుస్తుంది. ఎంత దూరం వచ్చామో తెలిశాక చూసే అంటార్కిటికా వేరుగా ఉంటుందని నా గట్టి నమ్మకం.

ఆ రెండు రోజుల్లో ఓడ మీద జరిగే ఒక పని గురించి చెప్పాలి. ప్రయాణికులంతా బయట వేసుకునే జాకెట్లు, ప్యాంట్లు, బ్యాగులు పట్టుకుని హాల్లోకి రావాలి. అక్కడ వ్యాక్యూమ్ క్లీనర్లు వరసగా పెట్టి ఉంటాయి. జేబులు తిరగేసి దులపాలి. వెల్‌క్రో పట్టీల్లో ఇరుక్కున్న గడ్డి గింజలను పట్టకారుతో ఒక్కొక్కటే ఏరి తియ్యాలి. కెమెరా స్టాండ్ కాళ్ల చివరలు, చేతికర్రల మొనలు కూడా తుడవాలి. ఒక్క విత్తనం జారిపడినా అక్కడ లేని మొక్క మొలకెత్తే ప్రమాదం ఉంది. ఒడ్డుకు దిగే ప్రతిసారీ, తిరిగి ఎక్కే ప్రతిసారీ బూట్లను క్రిమిసంహారక ద్రావణంలో ముంచి బ్రష్‌తో రుద్దుతారు. పక్షుల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పటి నుంచి నేల మీద కూర్చోవడం, మోకాళ్లు ఆనించడం, బ్యాగు కింద పెట్టడం కూడా వద్దంటున్నారు. ఫొటో కోసం నేల మీద పడుకుందామనుకునేవాళ్లు ఇది ముందే తెలుసుకుని వెళ్లడం మంచిది.

ఓడ సైజు విషయంలో మాత్రం రాజీ పడొద్దు. అంటార్కిటికా టూర్ ఆపరేటర్ల సంఘం ఐఏఏటీఓ 1991లో ఏర్పడింది. దాని నిబంధనల ప్రకారం ఒక చోట ఒకేసారి 100 మంది ప్రయాణికులకు మించి ఒడ్డున ఉండకూడదు. 500 మందికి పైగా ఎక్కిన ఓడ అసలు ఎవరినీ దించకూడదు. అంటే పెద్ద క్రూయిజ్ ఓడలో చవగ్గా టికెట్ దొరికిందంటే, ఆ ధర కిటికీలోంచి చూడటానికి మాత్రమే. 200 మంది లోపు ఓడ అయితే రెండు జట్లుగా దిగుతారు. సగం మంది ఒడ్డున ఉంటే, మిగతావాళ్లు జోడియాక్ అనే రబ్బరు పడవల్లో మంచుగడ్డల మధ్య తిరుగుతారు, తర్వాత మారతారు. 100 మంది లోపు ఓడ అయితే ఇంకా హాయి. రెండు ఓడల మధ్య తటపటాయిస్తుంటే తక్కువ మంది ఎక్కేదాన్నే ఎంచుకోండి, గది చిన్నదైనా సరే.

మామూలు ప్యాకేజీ పది, పదకొండు రోజులు ఉంటుంది. నాలుగు రోజులు డ్రేక్‌కి పోగా ద్వీపకల్పం దగ్గర గడిపేది ఐదు రోజుల దాకా. ధర ఓడను బట్టి, నెలను బట్టి బాగా మారుతుంది. ఎనిమిది, పది వేల అమెరికన్ డాలర్లు సిద్ధంగా ఉంటేనే నిశ్చింతగా ప్లాన్ చేసుకోగలరు. చివరి నిమిషంలో ఉషువాయాకి వెళ్లి మిగిలిపోయిన బెర్తులు తక్కువ ధరకు పట్టేవాళ్లూ ఉన్నారు. వారాల తరబడి ఖాళీ సమయం ఉన్నవాళ్లకే అది కుదురుతుంది. సెలవు పెట్టుకుని వచ్చేవాళ్లు దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక ఊరి సంగతి. ఓడలు సాధారణంగా మధ్యాహ్నం తర్వాత ఎక్కించుకుని సాయంత్రం బయలుదేరతాయి. దాంతో చాలామంది ముందు రోజు రాత్రి దిగి, మర్నాడు ఓడెక్కేస్తారు. కనీసం రెండు రాత్రులు ఉండండి. ఒకటి, విమానంలో పోయిన సూట్‌కేసు మరుసటి విమానంలో వచ్చే వ్యవధి ఉంటుంది. ఓడ వెళ్లిపోయాక వచ్చిన సూట్‌కేసుతో లాభం లేదు. రెండు, ఈ ఊరిని చూడటానికే రావచ్చు.

ఈ ఊరు పెరిగింది జైలు చుట్టూ. దేశంలో కరుడుగట్టిన నేరస్థులను పంపడానికి 1902లో ఇక్కడ కారాగారం కట్టడం మొదలుపెట్టారు, ఖైదీల చేతనే కట్టించారు. 1947లో మూసేశారు. ఇప్పుడది మ్యూజియం. అందులో ఒక విభాగాన్ని మరమ్మతు చెయ్యకుండా అలాగే ఉంచారు. రంగు రాలిన గోడలు, తుప్పు పట్టిన తలుపులు. లోపల అడుగుపెడితే కోటు వేసుకున్నా చలి పట్టుకుంటుంది. ఖైదీలు కట్టెలు కొట్టడానికి వెళ్లిన చిన్న రైలుమార్గంలో కొంత భాగం మీద ఇప్పుడు పర్యాటక రైలు నడుస్తోంది. దారి పక్కన మైదానంలో ఆనాడు నరికిన చెట్ల మొదళ్లు ఇంకా కనిపిస్తాయి. చలిప్రాంతం కాబట్టి అవి అంత త్వరగా కుళ్లవు.

ఆ రైలు వెళ్లే తియెర్రా దెల్ ఫ్యూగో నేషనల్ పార్కు 1960లో ఏర్పడింది. బ్యూనస్ ఐరిస్ నుంచి మూడు వేల కిలోమీటర్లకు పైగా వచ్చిన మూడో నంబరు జాతీయ రహదారి ఈ పార్కులో లపతాయా అఖాతం దగ్గర ముగిసిపోతుంది. సమయం తక్కువైతే రైలు వదిలేసి ఈ పార్కులో ఒడ్డు వెంట కాలిబాట మీద నడవండి, అదే మేలు. బీగిల్ జలసంధిలో పడవ షికారు చేస్తే లెస్ ఎక్లేరర్స్ దీపస్తంభం, సీ లయన్లు, మార్తియో దీవి మీది పెంగ్విన్లు చూడొచ్చు. అయితే ఓడలో ఎలాగూ అంటార్కిటికాకు వెళ్తున్నవాళ్లు పెంగ్విన్ల కోసం ఇక్కడ విడిగా ఖర్చు పెట్టాల్సిన పని లేదు. ఆ పూట ఊరి వెనక మార్షల్ హిమానీనదం వైపు ఎక్కితే రేవు, జలసంధి, అవతలి ఒడ్డున చిలీ దీవులు అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి.

ఉషువాయాకి చేరే దారిలో ఒక చిక్కు ఉంది. బ్యూనస్ ఐరిస్‌లో రెండు విమానాశ్రయాలున్నాయి. అంతర్జాతీయ విమానాలు ఎక్కువగా ఎసేసాలో దిగుతాయి, దేశీయ విమానాలు ఎక్కువగా నగరం లోపలి ఏరోపార్కే నుంచి ఎగురుతాయి. మధ్యలో మహానగరపు ట్రాఫిక్. టికెట్ మీద విమానాశ్రయం పేరు చూసుకోకుండా రెండు మూడు గంటల విరామంతో బుక్ చేస్తే టెన్షన్ తప్పదు. ఒక రాత్రి బ్యూనస్ ఐరిస్‌లో ఆగి వెళ్లడం మంచిది.

పుంటా అరేనాస్: డ్రేక్ మీదుగా ఎగిరిపోయే దారి

సముద్రం పడనివాళ్లకు, సెలవులు తక్కువున్నవాళ్లకు ఇది గొప్ప వరంలా కనిపిస్తుంది. విమానం పుంటా అరేనాస్‌లో లేచి రెండు గంటల్లో దక్షిణ షెట్లాండ్‌లోని కింగ్ జార్జ్ దీవి మీద, చిలీ వాళ్ల ఫ్రై స్థావరం పక్కన కంకర రన్‌వే మీద దిగుతుంది. అక్కడి నుంచి సముద్రతీరం దాకా నడక. తర్వాత రబ్బరు పడవలో చిన్న ఓడకి. ఎనిమిది రోజుల ప్యాకేజీలో ఐదు రోజులు అంటార్కిటికాలోనే గడుస్తాయి. ఓడలు కూడా ఎక్కువగా చిన్నవే ఉంటాయి.

అసలు కష్టం ఆ రన్‌వే దగ్గరే ఉంది. మబ్బు కిందికి దిగితే, పొగమంచు కమ్మితే విమానం దిగదు. ఒక రోజు ఆలస్యం ఇక్కడ వింతేమీ కాదు, ఒక్కోసారి రెండు రోజులు కూడా పడుతుంది. ఆ పోయిన రోజు మీ ఐదు రోజుల్లోంచే పోతుంది. తిరుగు ప్రయాణంలోనూ అదే పరిస్థితి. డ్రేక్ దాటే ఓడకు గాలివాన వస్తే మీరు ఇబ్బంది పడతారు కానీ ఓడ నడుస్తూనే ఉంటుంది. విమానం దారిలో గాలివాన వస్తే హోటల్ గదిలో కూర్చుని ఫోన్ కోసం ఎదురుచూడాలి. అంటే ఒంటి బాధ తగ్గించుకుని, అనిశ్చితిని నెత్తికెత్తుకుంటున్నారు. కొందరికి అదే నయం, సముద్రం అస్సలు పడని మనిషికి ఇది న్యాయమైన బేరం. సెలవు తక్కువ కాబట్టి విమానంలో వెళ్దామనుకునేవాళ్లకు మాత్రం ఇది చెల్లదు. వచ్చాక మర్నాడే ఆఫీసుకు వెళ్లాలన్న మనిషికి వాతావరణం మీద ఆధారపడిన విమానం సరిపడదు. ఈ దారిలో వెళ్తే అటూ ఇటూ కలిపి మూడు రోజులు ఖాళీగా ఉంచుకోవాలి. ఆ లెక్కన ఓడకూ దీనికీ మధ్య మిగిలే రోజులు అంతంతమాత్రమే. ధరేమో ఓడ ప్రయాణం కంటే గణనీయంగా ఎక్కువ. లగేజీ పరిమితి కూడా కఠినంగా ఉంటుంది.

ఒక మధ్యేమార్గం ఉంది. ఒక వైపు ఓడలో, ఒక వైపు విమానంలో వెళ్లే ప్యాకేజీలు కొన్ని కంపెనీలు నడుపుతున్నాయి. ఎటైనా కుదిరితే వెళ్లేటప్పుడు సముద్రం, వచ్చేటప్పుడు విమానం ఎంచుకోండి. వెళ్లేటప్పుడు డ్రేక్ దాటితే ప్రయాణానికి మనసు సిద్ధపడుతుంది. వచ్చేటప్పుడు ఒంట్లో ఓపిక ఉండదు.

పుంటా అరేనాస్ ఊరు నాకు ఉషువాయా కంటే నిండుగా అనిపిస్తుంది. మగెల్లాన్ జలసంధి ఒడ్డున 1848లో పుట్టింది. 1914లో పనామా కాలువ తెరిచేదాకా రెండు మహాసముద్రాల మధ్య తిరిగే ఓడలు చాలా వరకు ఇటుగానే వెళ్లేవి. ఆ రాకపోకలతో, గొర్రెల ఉన్నితో డబ్బు చేరింది. ఆ సంపదతో కట్టిన భవంతులు నడిబొడ్డున చౌక్ చుట్టూ ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. చౌక్ మధ్యలో మగెల్లాన్ విగ్రహం, దాని పాదపీఠం దగ్గర ఆదివాసీ మనిషి కంచు బొమ్మ. ఆ బొమ్మ పాదాన్ని తాకితే మళ్లీ ఈ ఊరికి వస్తారని నమ్మకం. అందరూ తాకి తాకి ఆ ఒక్క పాదం మెరుస్తూ ఉంటుంది.

అంటార్కిటికా చరిత్ర మీద ప్రేమ ఉన్నవాళ్లు ఇక్కడ ఒక పూట అదనంగా గడపాలి. ధ్రువయాత్రికుడు ఎర్నెస్ట్ షాకిల్టన్ ఓడ మంచులో నలిగిపోయాక ఆయన మనుషులు 22 మంది ఎలిఫెంట్ దీవి మీద నెలల తరబడి చిక్కుకుపోయారు. వాళ్లను 1916 ఆగస్టు 30న కాపాడింది లూయిస్ పార్దో నడిపిన చిలీ ఓడ యెల్చో. దాని మీద వాళ్లంతా వచ్చి దిగింది పుంటా అరేనాస్‌లోనే. సహాయం కోసం షాకిల్టన్ మరో ఐదుగురితో కలిసి సముద్రం దాటిన జేమ్స్ కెయిర్డ్ అనే చిన్న పడవ నమూనాను ఊరి బయట నావో విక్టోరియా మ్యూజియంలో చూడొచ్చు. దాని పక్కన నిలబడి ఆరుగురు అందులో ఎలా పట్టారా అని ఆలోచించండి చాలు, డ్రేక్ గురించి మన ఫిర్యాదులు వాటంతటవే తగ్గుతాయి.

మగ్దలేనా దీవి మీద పెంగ్విన్ల కాలనీ మరో ఆకర్షణ. ఇక ఇక్కడి గాలి గురించి ముందే తెలిసి ఉండాలి. వేసవిలో, అంటే డిసెంబర్ ప్రాంతంలో, అది మనిషిని తోసేస్తుంది. బాగా గాలి ఉన్న రోజుల్లో జనం పట్టుకుని నడవడానికి వీధుల్లో తాళ్లు కట్టిన సందర్భాలున్నాయి. గొడుగు తీసుకెళ్లడం దండగ.

రెండు దక్షిణాది ఊళ్లనూ కలిపి చూడాలనుకుంటే బస్సు ఉంది. దేశ సరిహద్దు, జలసంధి దాటే ఫెర్రీ కలుపుకుని దాదాపు పన్నెండు గంటలు. రెండు దేశాల వీసా నియమాలూ చూసుకోవాలి. అంటార్కిటికా ముగించుకుని తోర్రెస్ దెల్ పైనే కొండల్లో నడవాలన్న ఆలోచన ఉంటే పుంటా అరేనాస్ వైపు మొగ్గడం సబబు. అక్కడి నుంచి ఆ కొండలకు దగ్గరి ఊరు పుయెర్తో నతాలెస్ మూడు గంటల బస్సు ప్రయాణం.

లాంగ్‌యర్‌బ్యెన్: ఊరే ధ్రువంలో ఉంది

78 డిగ్రీల ఉత్తర అక్షాంశం. ఓస్లో నుంచి సుమారు మూడు గంటల విమానం. రెండున్నర వేల మంది జనం, యాభైకి పైగా దేశాలవాళ్లు. బొగ్గు కోసం 1906లో అమెరికన్ వ్యాపారి జాన్ మన్రో లాంగ్‌యర్ నెలకొల్పిన ఊరు ఇది. ఇక్కడి చివరి నార్వే గని 2025లో మూతపడింది. నేల ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది కాబట్టి ఇళ్లన్నీ దుంగల మీద నిలబెట్టి కడతారు. వీధుల్లో పొట్టి కాళ్ల రెయిన్‌డీర్లు తిరుగుతూ ఇళ్ల ముందు గడ్డి మేస్తుంటాయి. ఊరి నుంచి మరో ఊరికి రోడ్డు లేదు. మంచు కాలంలో స్నోమొబైల్, వేసవిలో పడవ.

ఉషువాయాలో ఓడెక్కకపోతే మీరు చూసింది దక్షిణ అమెరికా కొండల ఊరు మాత్రమే. ఇక్కడ ఓడెక్కకపోయినా, హోటల్ మెట్లు దిగితే చాలు, ధ్రువంలో ఉన్నట్టే. బడ్జెట్ తక్కువున్నవాళ్లకు, వారం రోజులే ఉన్నవాళ్లకు, చిన్నపిల్లలతోనో పెద్దవయసు తల్లిదండ్రులతోనో వెళ్లేవాళ్లకు నేను ముందు చెప్పేది ఈ ఊరే. నచ్చినంత చేసి, అలసిపోతే గదికి వచ్చి పడుకోవచ్చు. జబ్బు చేస్తే చిన్నదే అయినా ఆసుపత్రి ఉంది, పెద్ద అవసరమైతే నార్వే ప్రధాన భూభాగంలోని ట్రోమ్సోకి తరలిస్తారు. అంటార్కిటికా ఓడ మీద ఈ వెసులుబాటు లేదు.

ఇక్కడి హోటళ్లలో, మ్యూజియంలో గుమ్మం దగ్గరే బూట్లు విప్పాలి. బొగ్గు గనుల రోజుల్లో మసి లోపలికి రాకుండా పెట్టుకున్న పద్ధతి, గనులు పోయినా నిలిచింది. తలుపు లోపల అరల నిండా తడి బూట్లు, పక్కనే బుట్టలో చెప్పులు. లోపల అందరూ మేజోళ్లతో తిరుగుతుంటారు. మేజోళ్లకు చిల్లులు లేకుండా చూసుకుని వెళ్లండి.

ఊరి హద్దు దాటాలంటే ధ్రువపు ఎలుగుబంటిని బెదరగొట్టే సాధనం దగ్గర ఉండాలి, తుపాకీ కూడా ఉంచుకోవాలని అధికారులు చెబుతారు. ఊరి చివర ఎలుగుబంటి బొమ్మతో హెచ్చరిక బోర్డు ఉంటుంది. దాన్ని దాటి ఒంటరిగా షికారు వెళ్లకండి. ఆయుధాల అలవాటు లేని పర్యాటకులు గైడ్‌తోనే బయటికి వెళ్లాలి. కాబట్టి ఇక్కడ ప్రతి షికారూ డబ్బుతో కూడిన పనే. విమానం, హోటల్ మాత్రమే లెక్కేసుకుని వస్తే బడ్జెట్ తప్పుతుంది. స్నోమొబైల్, పడవ, హిమానీనదం మీద నడక, వీటికి విడిగా ముందే డబ్బు కేటాయించుకోవాలి. నార్వే క్రోనాల్లో ఏ ధర చూసినా గుండె జల్లుమంటుంది.

ఎలుగుబంటిని చూడటమే ధ్యేయమైతే మాత్రం స్వాల్‌బార్డ్ మీద మరీ ఆశలు పెట్టుకోవద్దు. ఊరి చుట్టుపక్కల అవి కనిపించేది అరుదు. 2025 నుంచి నియమాలు ఇంకా బిగించారు. వాటికి 300 మీటర్ల దూరం పాటించాలి, మార్చి 1 నుంచి జూన్ 30 దాకా 500 మీటర్లు. మంచి బైనాక్యులర్ లేకపోతే కనిపించేది లేతపసుపు చుక్క. ఇది సరైన నిబంధనే అని నా అభిప్రాయం, ఆ జంతువుకు ప్రశాంతత దక్కాలి. దగ్గరగా చూడాలన్న కోరిక తీరాలంటే కెనడాలో హడ్సన్ బే ఒడ్డున ఉన్న చర్చిల్ మేలు. అక్టోబర్, నవంబర్ నెలల్లో సముద్రం గడ్డకట్టడం కోసం ఎదురుచూస్తూ ఎలుగుబంట్లు అక్కడ పోగవుతాయి.

ఏ కాలంలో వెళ్తారన్నది ఇక్కడ ఊరి ఎంపికంత పెద్ద ప్రశ్న. ఏప్రిల్ 20 ప్రాంతం నుంచి ఆగస్టు 23 ప్రాంతం దాకా సూర్యుడు అస్తమించడు. అక్టోబర్ ఆఖరు నుంచి ఫిబ్రవరి మధ్యదాకా ఉదయించడు. ఉదయించడం మొదలయ్యాక కూడా చుట్టూ కొండలు అడ్డు కాబట్టి ఊళ్లోకి ఎండ వచ్చేది మార్చి 8 ప్రాంతంలో. ఆ రోజు జనమంతా పాత ఆసుపత్రి మెట్ల దగ్గర గుమిగూడి, మొదటి కిరణం కోసం కేకలు వేస్తూ పిలుస్తారు. నా ఓటు మార్చి చివర నుంచి ఏప్రిల్ మధ్యదాకా. మంచు ఉంటుంది, వెలుతురూ ఉంటుంది, లోయల నిండా నీలం గులాబీ రంగులు. చలి సున్నాకి పది, ఇరవై డిగ్రీల కింద ఉన్నా, స్నోమొబైల్ కంపెనీలు దళసరి సూట్లు ఇస్తాయి. ఓడలో దీవుల చుట్టూ తిరగాలంటే జూన్ చివర నుంచి ఆగస్టు దాకా. 2025 నుంచి రక్షిత ప్రాంతాల్లోకి 200 మందికి మించిన ఓడలను రానివ్వడం లేదు, దిగే చోట్లను కూడా కుదించారు.

ఉత్తరకాంతుల కోసమే అయితే ఇంత దూరం రావక్కర్లేదు. రాత్రివేళ అవి బాగా కనిపించే పట్టీకి లాంగ్‌యర్‌బ్యెన్ కాస్త ఉత్తరంగా పడుతుంది. ట్రోమ్సో చాలు, ఖర్చూ తక్కువ.

వీసా మాట ఒకటి జాగ్రత్తగా వినండి. 1920లో కుదిరిన ఒప్పందం వల్ల స్వాల్‌బార్డ్‌కి ఏ దేశస్థులకూ వీసా అక్కర్లేదు. అయితే అక్కడికి దారి నార్వే మీదుగానే. షెంగెన్ వీసా, అంటే చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే ఉమ్మడి వీసా, అవసరమయ్యే పాస్‌పోర్ట్ మీదైతే, స్వాల్‌బార్డ్ షెంగెన్‌కి వెలుపల ఉంది కాబట్టి వెళ్లి తిరిగి రావడం రెండో ప్రవేశం కిందికి వస్తుంది. ఒక్క ప్రవేశానికే చెల్లే వీసాతో వెళ్తే తిరిగి రావడానికి దారి ఉండదు. అప్లికేషన్‌లోనే రెండు లేదా ఎక్కువ ప్రవేశాలు అడగండి.

మిగతా దారులు

న్యూజిలాండ్ నుంచి, ఆస్ట్రేలియాలోని హోబర్ట్ నుంచి అంటార్కిటికా అంచున ఉన్న రాస్ సముద్రానికి వెళ్లే ఓడలున్నాయి. ధ్రువయాత్రికులు స్కాట్, షాకిల్టన్ కట్టుకున్న కొయ్య గుడిసెలు లోపలి సామానుతో సహా అక్కడ ఇంకా ఉన్నాయి. ప్రయాణం దాదాపు నెల. ధ్రువయాత్రల చరిత్రలో మునిగి తేలేవాళ్లకు మాత్రమే. కేప్ టౌన్ నుంచి, పుంటా అరేనాస్ నుంచి ఖండం లోపలికి, దక్షిణ ధ్రువం దాకా ఎగిరే విమానాలూ ఉన్నాయి. వాటి ధరలు పదుల వేల డాలర్లలో ఉంటాయి.

మరి దేన్ని ఎంచుకోవాలి?

ఇంటి నుంచి ఇంటికి పద్దెనిమిది రోజుల దాకా కేటాయించగలిగి, డబ్బు సమకూరి, సముద్రం మీద మరీ భయం లేకపోతే ఉషువాయా నుంచి చిన్న ఓడ. మరో మాట లేదు. నవంబర్‌లో మంచు చెక్కుచెదరకుండా ఉంటుంది, పెంగ్విన్లు గూళ్లు కట్టే పనిలో ఉంటాయి. డిసెంబర్ చివర, జనవరిలో పిల్లలు పుడతాయి. ధర కూడా అప్పుడే ఎక్కువ. ఫిబ్రవరి, మార్చి తిమింగలాల కాలం, కాకపోతే కాలనీల్లో మంచు కరిగి బురద, రెట్ట వాసన ఘాటుగా ఉంటాయి. నేనైతే తిమింగలాల కోసం ఫిబ్రవరే అంటాను.

డబ్బుంది, రోజులున్నాయి, సముద్రం మాత్రం ఒంటికి పడదు అంటే పుంటా అరేనాస్. రోజులు లేవు అంటే పుంటా అరేనాస్ వద్దు, లాంగ్‌యర్‌బ్యెన్ వెళ్లండి. ఇద్దరిలో ఒకరికి ఉత్సాహం, ఒకరికి భయం ఉన్న జంటలకూ అదే చెబుతాను. అక్కడ ఒకరు స్నోమొబైల్ ఎక్కితే ఇంకొకరు మ్యూజియం చూసి కాఫీ తాగుతూ కూర్చోవచ్చు. ఓడ మీద డ్రేక్ మధ్యలో భయపడ్డ మనిషికి దిగిపోయే వీలు లేదు.

ధ్రువాలంటే తనకు నిజంగా ఇష్టమో, ఫొటోలు చూసి కలిగిన ముచ్చటో తేలనివాళ్లు కూడా ముందు ఉత్తరానికే వెళ్లి చూడాలి. ఆ చలి, ఆ నిశ్శబ్దం, చెట్టన్నది లేని నేల నచ్చితే అంటార్కిటికాకు పొదుపు మొదలుపెట్టొచ్చు.

ఏ ఊరు తేలినా డబ్బు కట్టేముందు కంపెనీకి మెయిల్ రాసి కొన్ని ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఓడలో మొత్తం ఎందరు ప్రయాణికులు? విమానం దిగలేకపోతే ఎన్ని రోజులు ఆగుతారు, అసలు కుదరకపోతే ఎంత డబ్బు తిరిగొస్తుంది? బూట్లు, పైకోటు వాళ్లిస్తారా? ప్రమాదం జరిగితే తరలింపు ఖర్చుకు బీమా కనీసం ఎంత మొత్తానికి ఉండాలి? ఈ చివరిది మర్చిపోతే ఓడ ఎక్కనివ్వని కంపెనీలు ఉన్నాయి. ఆహార నియమాలు, పాత జబ్బులు, వాడే మందులు ఫారంలోనే రాయండి, ఓడెక్కాక చెబితే వాళ్ల దగ్గర దుకాణం ఉండదు. జవాబులు సరిగ్గా వచ్చాక అందులోని అన్నిటికంటే చవక గది తీసుకుని, మిగిలిన డబ్బుతో ఊళ్లో ఇంకో రెండు రాత్రులు బుక్ చేసుకోండి.